బస్తాల గది తలుపు మీద ఇంగ్లీషు

పోయిన వారం మా అన్నయ్య మనవరాలు రాజాం వచ్చి కొన్నాళ్లు నా దగ్గర ఉండి వెళ్లింది. పిహెచ్‌డి ప్రవేశ పరీక్షకు చదువుకుంటోందట. సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోను మీద వేలితో ఒకటే నెడుతూ ఉంటే, సినిమా ఏదో చూస్తోందేమో అనుకుని కాఫీ ఇచ్చే నెపంతో వెనక నుంచి చూశాను. తెర మీద ఒక ఇంగ్లీషు మాట వస్తుంది, తాకితే తిరగబడి వెనక అర్థం కనిపిస్తుంది, వచ్చినదైతే ఒక పక్కకూ రానిదైతే ఇంకో పక్కకూ నెట్టాలి. రాదన్న మాటను ఆ ఫోనే గుర్తు పెట్టుకుని మళ్లీ మళ్లీ తెస్తుంది. ఎంత సదుపాయం అనుకున్నాను. అంతలో ‘గారులస్’ అన్న మాట వచ్చింది. నాకు తెలియకుండానే నవ్వొచ్చి చేతిలో కాఫీ తొణికింది. ఎందుకు నవ్వుతున్నావు మామ్మా అని ఆ పిల్ల అడిగింది గాని, అది ఒక్క మాటలో తేలే సంగతి కాదు.

నాకు పెళ్లయి రాజాం వచ్చేనాటికి డిగ్రీ పూర్తయింది, అదీ ఆమదాలవలసలో మా నాన్నగారింటి నుంచి రోజూ శ్రీకాకుళం వెళ్లి వస్తూ తెలుగు మాధ్యమంలో చదివిన డిగ్రీ. నన్ను చేసుకున్నది మేనత్త కొడుకే గనుక పెళ్లికి ముందు ఆయన్ని ఎలా బావా అని పిలిచానో తరవాతా అలాగే పిలిచాను, అత్తగారిని ఎప్పటిలా అత్తా అనే అన్నాను. బావది ధాన్యం కమీషన్ వ్యాపారం. రైతుల దగ్గర కొన్న ధాన్యం మిల్లుకు వెళ్లేదాకా మా ఇంటి ముందు గదిలోనే దించేవారు, దాన్ని అందరం బస్తాల గది అనేవాళ్లం. పెళ్లయ్యాక పోస్టులో పాఠాలు తెప్పించుకుని చరిత్రలో ఎం.ఏ. చేశాను, ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇవన్నీ కాగితం మీది చదువులు. అసలు నన్ను చదివించింది మా ఊరి శాఖా గ్రంథాలయం, ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో గ్రంథాలయంలో పేపరు పేపరుగా దొరికేది కాదు. తలుపులు తీసీ తీయగానే వచ్చిన పెద్దమనుషులు దాన్ని ఏ కాగితానికి ఆ కాగితం విడదీసి తలా ఒకటి పట్టుకునేవారు. మొదటి పేజీ కోసం ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూసేవారు, ఆటల పేజీ కోసం కుర్రాళ్లు కాచుకుని ఉండేవారు. ఇంగ్లీషు పేపరులో సంపాదకీయం ఉన్న కాగితానికి మాత్రం పోటీ ఉండేది కాదు. గోడవారగా ఆడవాళ్ల బెంచీ అని ఒకటి ఉండేది, దాని మీద తరచు నేనొక్కదాన్నే. నేను వెళ్లి కూర్చోగానే లైబ్రేరియన్ గారు ఏమీ అడగకుండా ఆ కాగితం తెచ్చి ఇచ్చేవారు. అలా ఏళ్ల తరబడి దేశంలో ఏం జరిగిందో సరిగ్గా తెలియకుండానే, జరిగినదాని మీద ఎవరేమనుకున్నారో మాత్రం చదువుతూ వచ్చాను. నా ఇంగ్లీషంతా ఆ ఒక్క కాగితం పెట్టిందే.

పరిశోధన చెయ్యాలన్న కోరిక రామతీర్థం వల్ల పుట్టింది. చిన్నప్పుడు అత్తతో కలిసి అక్కడి గుడికి వెళ్లినప్పుడు, కొండ మీద పాత ఇటుక కట్టడాల ఆనవాళ్లు చూసి ఇవేమిటని అడిగాను. “పూర్వం వోళ్లవి, మనకేటి తెల్సు? దిగు దిగు, ఎండెక్కిపోతంది” అని అత్త నన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. చాలా ఏళ్ల తరవాత గ్రంథాలయంలో, అక్కడ ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారని చదివిన రోజున, వాళ్లు ఏం తినేవారో, వానాకాలం ఎలా గడిపేవారో, చివరికి ఎందుకు వెళ్లిపోయారో తెలుసుకోవాలన్న ఆశ మనసులో పాతుకుపోయింది. యూనివర్సిటీలో ఒక ఆచార్యులకు ఆ విషయం మీద శ్రద్ధ ఉందని విని, బావను వెంటబెట్టుకుని వెళ్లి కలిశాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తప్పకుండా తీసుకుంటానన్నారు, కాని ప్రవేశ పరీక్ష పాసై రావాలన్నారు. తనకు పదవీ విరమణ దగ్గర పడిందని, వచ్చే ఏడాది తరవాత కొత్తవాళ్లను చేర్చుకోలేనని కూడా చెప్పారు. అంటే ఆ ఏడాది ఒకసారి, మరుసటి ఏడాది ఒకసారి, అంతే. ఆయన కాకుండా మా కొండల మీది ఇటుకల గురించి పట్టించుకునే గురువు నాకు దొరికే ఆశ లేదు.

పరీక్షలో చరిత్ర ఒక భాగం, దానికి నేను భయపడలేదు. రెండో భాగం ఇంగ్లీషు, అందులో ఎక్కువ మాటల అర్థాలే: దీనికి దగ్గరి మాట ఏది, దీనికి ఎదురు మాట ఏది అని. అందులో కనీస మార్కులు రాకపోతే చరిత్ర ఎంత బాగా రాసినా లెక్కలోకి రాదు. నేను గ్రంథాలయం బీరువాలోని పాత ఇంగ్లీషు తెలుగు నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. దాన్ని కూర్చిన పెద్దాయన ఎవరో గాని, తెలుగు తేలికగా ఉంటే ఇంగ్లీషుకు మర్యాద తక్కువ అనుకున్నట్టున్నారు. ఒక మాటకు ‘దుర్వినీతుడు’ అని ఉండేది, ఒకదానికి ‘ద్వైధీభావము’ అని ఉండేది. ఆ అర్థానికి అర్థం కోసం పక్క బీరువాలోని తెలుగు నిఘంటువు తీయాల్సి వచ్చేది. అలా రెండు పుస్తకాల మధ్య కొన్ని నెలలు గడిపాక ఇంగ్లీషు ఎంత వచ్చిందో తెలియదు గాని తెలుగు మాత్రం ముదిరింది. కాలేజీలో పిల్లలు నా పాఠం బోధపడడం లేదని గొణగడం మొదలుపెట్టారు.

పరీక్ష హాల్లో కూర్చుని చూస్తే, ఎదురు మాట అడిగిన ఒక ప్రశ్నలో మాట ఎరిగినదే. దాన్ని తెలుగులోకి తెచ్చుకున్నాను, మితభాషి అని తేలింది. ఎదురు మాట తెలుగులోనే ఆలోచించాను, వాచాలుడు. ఇప్పుడు కింద ఇచ్చిన ఇంగ్లీషు మాటలన్నిటినీ ఒక్కొక్కటిగా తెలుగులోకి తెచ్చి, వాటిలో వాచాలుడెవరో పట్టుకోవాలి. ప్రతి ప్రశ్నకూ ఏరు దాటి వెళ్లి, మళ్లీ ఏరు దాటి వచ్చినట్టయింది. గంట కొట్టేసరికి ప్రశ్నలు బోలెడు మిగిలిపోయాయి. ఫలితాలు వచ్చాక చూస్తే చరిత్రలో మంచి మార్కులు, ఇంగ్లీషులో తప్పాను. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మన తరం వాళ్లలో ఈ పొరపాటు చెయ్యనివాళ్లు తక్కువ, మాట నేర్చుకున్నామనుకుంటూ దాని తెలుగు అర్థాన్ని మాత్రమే నేర్చుకునేవాళ్లం.

ఆ రోజు నా ముఖం చూసి అత్త అడిగింది.

“ఏటే, అంత సదివినావు, ఇంకా ఏటి రాదన్నారేటి వోళ్లు?”

“ఇంగ్లీషు మాటలత్తా.”

“వచ్చే యేడుందన్నావు గదా. కూకుని ఏడిస్తే వస్తాదేటి? లే, అన్నం తిను.”

ఆ మర్నాటి నుంచి నేను నిఘంటువు మీద అలిగి, మాటల్ని కళ్లెదుట పెట్టుకుందామని బస్తాల గది తలుపు మీద సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాను. ఆ తలుపు కింది సగం బావది, ఏ రైతువి ఎన్ని బస్తాలు దిగాయో అక్కడే రాసుకునేవాడు. పై సగం నాది. మొదటి రోజు సాయంత్రం రైతుల పేర్ల మీద ‘రెటిసెంట్’ అని ఉండడం చూసి, “ఇతను ఏ ఊరు రైతే? పేరు కొత్తగా ఉన్నాది” అని బావ వేళాకోళం చేశాడు. మనసులో మాట బయట పెట్టకుండా ముక్తసరిగా ఉండే మనిషిని అలా అంటారని చెప్పాను. “అయితే మన మిల్లు మావే గదేటే” అన్నాడు. మిల్లు మావ అంటే మా బంధువుల్లో రైసుమిల్లు ఉన్నాయన. ధర ఎంతిస్తావు మావా అని అడిగితే పైకి చూసి ఫ్యాను తిరుగుతోందో లేదో పరీక్షించేవాడు తప్ప నోరు మెదిపేవాడు కాదు. నాకు నవ్వాగలేదు. ఆ క్షణం నుంచి ఆ మాటకు తెలుగు అర్థం అవసరం లేకపోయింది. రెటిసెంట్ అంటే తల పైకెత్తి ఫ్యాను చూస్తున్న మిల్లు మావ.

అక్కడి నుంచి ప్రతి మాటకూ ఒక మనిషిని వెతకడం మాకు అలవాటైంది. ‘గారులస్’ అంటే మా చిన్నత్త, అత్తకు చెల్లెలు. పాలకొండ నుంచి వచ్చిందంటే మేము తలుపు తీసేలోపే వీధిలో నిలబడి కథ సగం చెప్పేసేది. ‘లెథార్జిక్’ అంటే బస్తాలు మొయ్యడానికి వచ్చి బస్తాల మీదే నిద్రపోయే ఒక కళాసీ. ‘పెడాంటిక్’ అంటే చదువంతా నాలుక మీద పెట్టుకుని సందర్భం లేకుండా ప్రదర్శించే మనిషి అని చెప్పి ఎవరున్నారబ్బా అని ఆలోచిస్తుంటే, “ఎతకడం ఎందుకే, ఇంట్లోనే ఉన్నాది” అని బావ నా వైపు చూశాడు. చర్రున కోపమొచ్చింది నాకు. తరవాత ఒప్పుకోక తప్పలేదు, ఎందుకంటే ఆ మాట ఇక నాకు ఈ జన్మలో మరిచిపోయే వీలు లేదు.

అత్తకు ఇంగ్లీషు అక్షరం తెలియదు గాని మేము తలుపు దగ్గర నిలబడి ఎవరి గురించో నవ్వుకుంటున్నామని కనిపెట్టింది. ఒక రోజు నేరుగా వచ్చి అడిగింది.

“అందరికీ పేర్లెడతన్నారంట. మరి నాకేటెట్టినారు?”

బావ సుద్దముక్క పారేసి పని ఉన్నట్టు వీధిలోకి వెళ్లిపోయాడు. నేను దొరికిపోయాను.

“ఆబ్‌స్టినేట్ అని పెట్టామత్తా.”

“అంటే ఏటి?”

“పట్టిన పట్టు వదలనిది అని.”

అత్త తలుపు వైపు తిరిగింది. “మీ మావ పోయినప్పుడు, ఈ యాపారం మనకొద్దు, అమ్మీసి పుట్టింటికి వచ్చీయని మీ నాన్నే సెప్పినాడు. అప్పుడు వొదిలీసుంటే నీకీ తలుపేదే రాసుకోడానికి? ఉండనీ, మంచి పేరే” అని లోపలికి వెళ్లిపోయింది.  పట్టుదల, మొండితనం రెండూ ఒక్క మాటలో ఎలా ఇమిడి ఉంటాయో నాకు ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

మరునాటి నుంచి అత్త కూడా మాతో కలిసింది. సాయంత్రం దీపం పెట్టాక పీట వేసుకుని కూర్చుని, “ఇయాల ఎవులొచ్చినారే?” అని అడిగేది, తలుపు మీది మాటలు చుట్టాలన్నట్టు. నేను అర్థం చెబితే చాలు, మా రెండు వైపుల బంధువుల్లోంచి తగిన మనిషిని తీసి చూపించేది. ఒక్కోసారి ఒకే మనిషి కోసం రెండు మాటలు పోటీ పడేవి, అప్పుడు అమ్మకూ కొడుక్కూ వాదన. ‘ఫ్రూగల్’, ‘మైజర్లీ’ రెండూ ఒకటే గదా అని బావ అంటే అత్త ఒప్పుకోలేదు. “మాయత్త పొదుపుగా దాసింది, పెట్టాల్సినకాడ సెయ్యి తిరగేసి పెట్టింది. ఆ పక్కింటాయన దాసీడు, సచ్చినా ఎవులికీ పెట్టడు. రెండూ ఒకటెలగవుతాది?” అంది. మొదటిది అత్తకు అత్తగారు, రెండోది పక్కింటాయన, అక్కడికి వాదన ముగిసింది.

రెండోసారి పరీక్ష సరిగ్గా ధాన్యం దిగే రోజుల్లో వచ్చి పడింది. వీధి పొడుగునా బళ్లు, ట్రాక్టర్లు, ఇంట్లో వచ్చేపోయే రైతులకు మంచినీళ్లు, టీలు. ఆ పని వదిలి వెళ్లడానికి నాకు మొహమాటంగా ఉంది. అత్త బస్తాల గది గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, నువ్వెళ్లు, ఇక్కడ నేను చూసుకుంటానంది. బస్సులో నాకు దిగులుగానే ఉంది. ఇదీ తప్పితే ఇక రామతీర్థం కొండ, గుడికి వెళ్లినప్పుడు దూరం నుంచి చూసే కొండే అవుతుంది గదా అన్న ఆలోచన తప్ప మరొకటి లేదు.

ప్రశ్నపత్రం ఇచ్చారు. తలుపు మీద రాసిన మాటలన్నీ వచ్చాయని చెబితే అబద్ధమవుతుంది. కొన్ని వచ్చాయి, ఎన్నడూ చూడనివి కూడా చాలా వచ్చాయి. కాని ఈసారి ఏరు దాటే పని లేదు. ఒక ప్రశ్న కింద మిల్లు మావ, చిన్నత్త, ఆ నిద్రపోయే కళాసీ పక్క పక్కనే కూర్చుని ఉన్నారు, పెళ్లిపందిట్లో మా వాళ్లను చూసినట్టే ఉంది. తెలియని మాటలను కూడా పక్కనున్న తెలిసినవాళ్లను బట్టి పోల్చుకున్నాను. గంట కొట్టేసరికి అన్నీ పూర్తి చేసి ఊరికే కూర్చుని ఉన్నాను.

ఫలితాలు పెట్టారని తెలిసి బావ గోనెసంచుల పని మీద వెళ్తూ యూనివర్సిటీకి వెళ్లి చూసి వచ్చాడు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కున్నాడు, కాఫీ తాగాడు. అత్త, నేను ఆయన ముఖమే చూస్తున్నాం. చివరికి గ్లాసు కింద పెట్టి, “ఒసే, కాలికి మంచి జోళ్లు కొనుక్కో. రేపట్నుంచి కొండలెక్కాల” అన్నాడు. అత్త లేచి బస్తాల గదిలోకి వెళ్లి దీపం పెట్టింది.

ఆచార్యుల దగ్గర చేరిన చివరి విద్యార్థుల్లో నేనొకదాన్ని. కొండలెక్కాను, ఇటుకలు కొలిచాను, ఏళ్లు పట్టింది గాని పట్టా పుచ్చుకున్నాను. భిక్షువులు ఎందుకు వెళ్లిపోయారో మాత్రం ఇప్పటికీ నిశ్చయంగా చెప్పలేను. అత్త పోయింది, చిన్నత్త పోయింది, మిల్లు మావా పోయాడు. బావ ధాన్యం వ్యాపారం మానేసి చాలా కాలమైంది. బస్తాల గదిని రెండు దుకాణాలుగా చేసి అద్దెకిచ్చాం.

ఇదంతా మా మనవరాలికి చెబితే ఫోను పక్కన పెట్టి కడుపుబ్బా నవ్వింది. మరి ఈ ‘గారులస్’కి నువ్వెవరిని పెడతావే అని అడిగాను. ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది. “నాకు అంతలా తెలిసిన మనుషులెవరున్నారు మామ్మా? ఆరో క్లాసు నుంచీ హాస్టల్లోనే గదా” అంది. బాధగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. తనకు వచ్చిన ఇంగ్లీషులో సగం కూడా నాకు ఆనాడు రాదు, పరీక్ష తప్పకుండా పాసవుతుంది, అందులో నాకు సందేహం లేదు. నేను కాఫీ గ్లాసు తీసి లోపల పెట్టి వచ్చాను.

కాసేపటికి మళ్లీ ఫోను తీసుకుంది. మాట వస్తోంది, తిరగబడుతోంది, పక్కకు వెళ్లిపోతోంది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. అలా వెళ్లిపోతున్నవాళ్లలో చాలామందిని నేను ఎరుగుదును.