మేట్రన్ ఒళ్లో కాబోయే ఎస్సై

మా అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "నాన్నా, లేజర్ చేయించుకుని కళ్లజోడు తీసేద్దామనుకుంటున్నా. నువ్వేమంటావు?" అని అడిగింది. కంటి ఆపరేషన్ మీద సలహా అడగడానికి పల్నాడు మొత్తం గాలించినా నాకంటే పనికిరాని మనిషి దొరకడు. ఆ సంగతి పాపం దానికి తెలియదు. గుంటూరు ఆసుపత్రి వరండాలో నా పరువు ఏ రకంగా పోయిందో ఇన్నేళ్లూ ఇంట్లో పొక్కనివ్వలేదు. ఇవాళ నా నోటితో నేనే చెబుతున్నాను. నవ్వితే పొలమారేవాళ్లు ముందే మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

ఎనభైల చివరి రోజులవి. లేజర్ అన్న మాట మా నకరికల్లు వైపు పల్లెలకు ఇంకా చేరలేదు. నేను డిగ్రీ పూర్తిచేసి, ఎస్సైని అయితీరాలని నిర్ణయించుకున్నాను. ఎత్తు సరిపోయింది. ఊపిరి బిగబడితే ఛాతీ కూడా సరిపోయేది. పరుగు సంగతి మా వీధి కుక్కలు చూసుకునేవి. అడ్డమల్లా కళ్లజోడే. సోడాసీసా అడుగంత మందం అద్దాలు. అవి తీస్తే ఎదురుగా వచ్చేది మనిషో గేదో పలకరిస్తేగానీ తెలిసేది కాదు. కళ్లజోడు ఉన్నవాణ్ణి సెలక్షన్‌లో తీసుకోరన్నారు. అప్పుడే ఒక కబురు విన్నాను. గుంటూరులో ఒక డాక్టరు మద్రాసులో నేర్చుకొచ్చి, నల్లగుడ్డు మీద వజ్రపు కత్తితో సన్నటి గీతలు గీసి కళ్లజోడు వదిలిస్తున్నాడట!

ఇంట్లో మా నాయనమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒకరోజు వసారాలో నిలబెట్టిన పత్తి బోరేన్ని, అంటే మనిషెత్తు గోనెబస్తాని చూసి, "ఎప్పుడొచ్చావు అల్లుడూ, నిలబడ్డావేంది, కూర్చో" అని మర్యాద చేసింది. బోరెం ఉలకలేదు, పలకలేదు. "అల్లుడికి చానా పొగరెక్కింది" అని ఆ పూట అన్నం మానేసింది. మేం నవ్వుకున్నాం గానీ, డాక్టరు అప్పటికే హెచ్చరించాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఉన్న ఆ మసక చూపు కూడా పోతుందని, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని. ఆవిడ వింటేగా! "కాటికి పోయేదాన్ని, కళ్లు కోయించుకొని ఏం చూడాలిరా?" అనేది. అమ్మానాన్నా పొలం పోతే నన్ను సాకింది ఆవిడే. ఆవిడ గోడ తడుముకుంటూ నడవడం చూడలేకపోయేవాణ్ణి. అందుకే నా ఆపరేషన్‌ని ఎరగా వేశాను.

"నాయనమ్మా, నేనూ కోయించుకుంటున్నా. ఇద్దరం కలిసే పోదాం."

"భయం లేదంట్రా?"

"ఎస్సైకి భయమేందే! కత్తి నన్ను చూసి భయపడాలి."

ఆవిడ చాలాసేపు చుట్ట పీల్చి, "నిన్నా టోపీలో ఒక్కసారి చూడాలనుందిరా" అంది. "సరే పద. కానీ నువ్వు ముందు. నువ్వు వెనక్కి తగ్గావో, నేనూ ఇంటికే."

గుంటూరు ఆసుపత్రికి వెళ్లేదాకా బస్సులో ఆవిడకు ధైర్యం గురించి ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాను. బస్సులోవాళ్లు కూడా విన్నారు, వేరే దారి లేక. ఆసుపత్రిలో నాయనమ్మను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, మా వెంట వచ్చిన నాన్న మందుల షాపుకు వెళ్లాడు. నన్ను లోపలికి పిలిచారు. కాంపౌండర్ నా కళ్లజోడు తీసి ట్రేలో పెట్టి, కళ్లలో ఏవో చుక్కలు వేశాడు. కాసేపటికి ఆ ఉన్న చూపు కూడా అలుక్కుపోయింది. ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. కబుర్లు మొదలుపెట్టాను.

"మత్తు ఎప్పుడిస్తారండీ?"

"దీనికి మత్తెందుకు? కన్ను తిమ్మిరెక్కటానికి చుక్కలేస్తాం."

"మరి నాకు తెలివి ఉంటదిగా?"

"భేషుగ్గా ఉంటది. కన్ను మూయకుండా రెప్పలకి క్లిప్పు కూడా పెడతాం. నువ్వు చూస్తానే ఉంటావు."

"ఏం చూస్తానండీ?"

"కత్తిని."

ఆ తర్వాత నేను లేచిందీ, తలుపు తోసిందీ నాకు గుర్తులేదు. వరండాలోకి వచ్చి పడ్డాను. ఎటు చూసినా వెలుతురే, మనుషులంతా మబ్బుల్లా తేలుతున్నారు. బెంచీ మీద మాత్రం ఒక తెల్లచీర కనిపించింది. మా నాయనమ్మ తెల్లచీర కాక మరొకటి కట్టదు. పరుగున వెళ్లి ఆ ఒళ్లో తలపెట్టి బావురుమన్నాను.

"నాయనమ్మా, నావల్ల కాదే! కత్తి కళ్లెదురుగా చూపిస్తా కోస్తారంట! నేను చెప్పిన ధైర్యమంతా ఉత్తదే. ఎస్సై వద్దు, గిస్సై వద్దు. ఇంటికి పోదాం పదవే!"

తల మీద చెయ్యి పడుతుందని ఎదురుచూశాను. పడలేదు. అప్పటికిగానీ ముక్కు పనిచేయలేదు. మా నాయనమ్మ ఒళ్లో ఎప్పుడూ చుట్ట వాసన ఉంటుంది. ఈ ఒళ్లో స్పిరిట్ వాసన వస్తోంది.

"బాబూ," అంది ఆ ఒడి చాలా మర్యాదగా, "నేను మీ నాయనమ్మను కాదు. ఇక్కడ మేట్రన్‌ని. కాస్త లేస్తే చీర పిండుకుంటాను."

ఎదురు బెంచీ మీది నుంచి తెలిసిన గొంతు వినిపించింది. "ఒరేయ్, నేనిక్కడుండా."

వరండా మొత్తం ఘొల్లుమంది. రెండు కళ్లకూ కట్లున్న ముసలాయన ఒకడు, "ఎవరమ్మా ఆ ఏడ్చేది, చిన్నపిల్లోడా?" అని అడిగాడు.

"కాదయ్యా," అంది మా నాయనమ్మ. "ఎస్సై."

గోడ పట్టుకుని వెళ్లి ఆవిడ పక్కన కూలబడ్డాను. సిగ్గుకంటే భయమే ఎక్కువైంది. నేను వెనక్కి తగ్గితే తనూ ఇంటికేనని ఆవిడ ముందే చెప్పింది. నా పిరికితనం వల్ల ఆవిడ కళ్లు పోతాయి. నాయనమ్మ నా మొహం తడిమి చూసి, చెంగుతో తుడిచింది.

"మేట్రనమ్మా, వీడి పేరు కొట్టెయ్. నా పేరు ముందుకు జరుపు."

"నీకు భయం లేదా నాయనమ్మా?"

"ఎందుకుండదూ, చానా ఉంది. నువ్వు పులల్లే తిరుగుతుంటే చెప్పుకోటానికి సిగ్గేసింది." ఆవిడ నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "చిన్నప్పుడు బళ్లో సూదులేసే రోజు నువ్విట్టాగే ఏడ్చేవాడివి. నేనొచ్చి ముందు నా చెయ్యి చాపి పొడిపించుకుంటే అప్పుడు చాపేవాడివి. ఇప్పుడు మాత్రం ఏం మారిందిరా? ఇద్దర్లో ఎవరో ఒకరం పెద్దోళ్లల్లే ఉండాల."

దారి పొడుగునా నేనిచ్చిన ఉపన్యాసాలకు కదలని మనిషి, ఒక్క ఏడుపుకు లేచి నిలబడింది. నర్సు చెయ్యి పట్టుకుని తనే లోపలికి నడిచింది. నాకు ఆవిడ మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆపరేషన్ అయ్యాక తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి పడుకోబెట్టారు. నేను పక్కనే కూర్చుని చెంచాతో జావ పోసేవాణ్ణి.

"ఒక్క చుట్ట ముట్టించరా."

"మేట్రన్ చంపుద్ది నాయనమ్మా."

"ఏం చంపదు. ఆమె మనమనిషే గదా, ఒళ్లో పడి ఏడ్చావు."

కట్లు విప్పి, పుండు మానాక ఆవిడకు అద్దాలిచ్చారు. అప్పట్లో శుక్లం తీస్తే కళ్లజోడు తప్పదు. చూస్తే నా అద్దాలకంటే మందం! వసారాలో కూర్చుని అవి పెట్టుకుంది. గోడను చూసింది, గొడ్లను చూసింది, పత్తి బోరేన్ని చూసి "ఇదా నా అల్లుడు!" అంది. చివరికి నావైపు తిరిగింది. ఏళ్ల తర్వాత మా నాయనమ్మ నన్ను చూస్తోంది. నాకు కళ్లు చెమర్చాయి.

"ఆ జోడు ఒక్కసారి తియ్యి నాయనా, నిండుగా చూస్తా."

తీశాను. ఆవిడ ముందుకు వంగి, నుదుటి దగ్గర్నుంచి గడ్డం దాకా చాలాసేపు చూసింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. గట్టిగా ఊపిరి విడిచింది.

"పెట్టేసుకోరా" అంది.

నేను ఎస్సైని కాలేదు, లెక్కల మాస్టార్ని అయ్యాను. ఆ కళ్లజోడు ఇప్పటికీ నా ముక్కు మీదే ఉంది. ఇక మా అమ్మాయికి సలహా అంటారా? "డాక్టరు సరేనంటే చేయించుకోమ్మా. బయట బెంచీ మీద నేను కూర్చుంటా. భయమేస్తే వచ్చి నా ఒళ్లో పడు" అన్నాను. నా మట్టుకు నేను మాత్రం, ఇకమీదట ఏ ఆసుపత్రిలోనైనా తెల్లచీర కనిపిస్తే ముందు చుట్ట వాసన చూసుకునిగానీ ఏడవనని, ఈ కళ్లజోడు మీద ఒట్టేసి చెబుతున్నాను.