సీసా కడిగినవాడు

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో మా ఇంటి హాట్‌ప్రెస్ తలుపు తీస్తే ఈ వారమంతా కమలాతొక్కల వాసన. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరను ఇక్కడ అలా అంటారు. వచ్చిన కొత్తలో అదేదో ఇస్త్రీ యంత్రం అనుకొని, నలిగిన చొక్కా పట్టుకొని ఇల్లంతా వెతికాను. ఇవాళ మా అమ్మాయి అందులోని పళ్ళెం చూసి, "నాన్నా, విల్ ఐ బిన్ దీస్?" అంది. "ముట్టుకోకు తల్లీ!" అని నేను అరిచిన అరుపుకి బిత్తరపోయింది. తొక్కల్ని చెత్తలో వేసే పని ఈ జన్మకి నేను ఒకసారి చేసేశాను. చాలు.

నాకు హాట్‌ప్రెస్ అంటే ఏమిటో చూపించింది మేవిస్ ఆంటీ. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చిన తొలి రెండేళ్ళు ఆవిడ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ తాతగారు చైనా నుంచి ఓడలో ట్రినిడాడ్ వెళ్ళి, ఒక చిన్న ఊళ్ళో దుకాణం పెట్టారట. ఆవిడ అక్కడే పుట్టి, నర్సుగా ఐర్లండ్ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. "మా ఊళ్ళో సగం మంది మీ ఇండియావాళ్ళే. నడవడం కంటే ముందు రోటీ తినడం నేర్చుకున్నాను" అనేది. మొదటిరోజు నాది ఏ ఊరని అడగలేదేమని నేనంటే, "అసలు నీది ఏ ఊరని నన్ను రోజుకి ముగ్గురు అడుగుతారు. ఇంట్లో కూడా ఆ గొడవెందుకు?" అని నవ్వింది.

ఆ ఏడాది వాళ్ళ ఊళ్ళో చైనా కుటుంబాల జ్ఞాపకార్థం ఒక చిన్న మ్యూజియం పెడుతున్నారని కబురొచ్చింది. ఒక్కో కుటుంబం నుంచి ఒక వస్తువు, దాని గురించి చేత్తో రాసిన చీటీ కావాలన్నారు. వీళ్ళ దుకాణం ఎప్పుడో మూతబడింది, మనుషులు తలో దేశం పట్టారు. అక్కడ ఆ కుటుంబం గుర్తంటూ ఒకటి మిగలాలంటే ఆవిడ పంపాల్సిందే. "నాన్న సీసా పంపుతాను" అంది. హాట్‌ప్రెస్ పై అరలో, ఏవో నల్లటి ముక్కలతో నిండి ఉండే గాజు సీసా అది.

తర్వాత వారం మోకాలి ఆపరేషన్‌కి ఆవిడ ఆసుపత్రిలో చేరింది. తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంచాలని నాకు ఉత్సాహం పుట్టింది. మ్యూజియానికి వెళ్ళే సీసా మురిగ్గా వెళ్తే ఎలా? నల్లటి ముక్కల్ని తడిచెత్త వేసే బ్రౌన్ బిన్‌లో పోసి, సబ్బుతో మూడుసార్లు కడిగాను. బిన్ లారీ వచ్చింది, వెళ్ళింది. ఆ సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది.

"ప్రసాద్, ఆ సీసా జాగ్రత్త నాయనా. సీసాదేముంది, లోపలి కమలాతొక్కలే ముఖ్యం. వంటకీ మందుకీ మావాళ్ళు దాచుకుంటారు, పాతబడేకొద్దీ విలువ. ఏటా కొత్తవి ఎండబెట్టి పైన వేస్తాం. అడుగున ఉన్నవి నాన్న వేసినవి."

తొక్కే కదా అనుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. మర్నాడు పక్కనున్న కార్క్ నగరంలో ఒక ఆసియా దుకాణంలో ఎండు కమలాతొక్కలు పొట్లాలకొద్దీ కొని సీసా నింపాను. ఫ్యాక్టరీలో నా ఉద్యోగం నాణ్యత తనిఖీ. నకిలీలు పట్టుకోవడమే నా పని!

ఆవిడ చేతికర్రతో ఇంటికొచ్చింది. సీసా మూత తీసి వాసన చూసింది. మూత పెట్టింది. "గ్రాండ్" అంది. ఐర్లండ్‌లో ఆ మాటకి చాలా బాగుందనీ అర్థమే, ఇక మాట్లాడొద్దనీ అర్థమే. తర్వాత నా ముందు ఒక తెల్లకాగితం, పెన్ను పెట్టింది. "నా చేయి వణుకుతోంది. చీటీ నువ్వే రాయి. లోపల ఏముందో, ఎక్కడిదో."

'ఇది మా నాన్న' అని రాసి ఆగిపోయాను. ఆవిడ టీ తాగుతూ కిటికీ వైపు చూస్తోంది. ఆ టీ ఎంతకీ అయిపోలేదు. చివరికి ఆ మాట కొట్టేసి, 'పాత తొక్కల్ని నేను పారేశాను' అని రాసి ఇచ్చాను.

"సీసా సబ్బు వాసన కొడుతోంది, ప్రసాద్. నాన్న దుకాణంలో సబ్బు అమ్మేవాడే గానీ, మరీ నిమ్మకాయ సబ్బు కాదు" అంది. నేను నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు. సీసా మీద చెయ్యి పెట్టింది. "నాన్నవి పోయాయి. నువ్వు చెప్పావు. చీటీలో కూడా జరిగింది జరిగినట్టే ఉండాలి" అంది.

నేను కొన్న తొక్కలన్నీ సీసాలోంచి తీయించింది. ఆ చలికాలమంతా ఇద్దరం కమలాలు వలిచాం. పూవు విచ్చినట్టు తొక్క మూడు రేకులుగా విడివడాలి, తెగకూడదు. నావి తెగేవి, ఇంకోటి వలవమనేది. హాట్‌ప్రెస్‌లో ఎండిన వాటితో సీసా వెళ్ళింది. మ్యూజియం తెరిచాక ఆవిడ మేనకోడలు ఫోటో పంపింది. అద్దాల వెనుక సీసా, పక్కన ఆవిడ మాటలతో నా చేతిరాతలో చీటీ: "సీసా మా నాన్నది. ఆయన తొక్కల్ని మా ఇంట్లో అద్దెకున్న ప్రసాద్ పారేశాడు, సీసా కడిగాడు కూడా. వీటిని అతనే ఐర్లండ్‌లో ఎండబెట్టాడు." జనం అన్నిటికంటే ఎక్కువసేపు దాని ముందే నిలబడుతున్నారట. పేరు అద్దాలకెక్కడమంటే ఇదే కాబోలు.

మేవిస్ ఆంటీ పోయి మూడేళ్ళు. పోయిన నెల ఫ్యాక్టరీలో ఒక ఉష్ణోగ్రత రీడింగ్ తీసుకోవడం మరిచిపోయాను. ముందు అంకెకీ తర్వాత అంకెకీ మధ్య ఏదో ఒకటి వేసేస్తే ఎవరికీ తెలియదు. 'ఈ రీడింగ్ నేను తీసుకోలేదు' అని రాశాను. సరుకు ఆగింది, పై అధికారి ముఖం మాడింది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

ఇవాళ ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. అంతా విని, "డిడ్ షీ గివ్ అవుట్ టు యూ?" అంది. బాగా తిట్టిందా అని.

"లేదమ్మా," అన్నాను. "కాగితం ఇచ్చింది."