పసిబిడ్డ లేని బాలింత

ఆ రోజు మా చిన్న మరిదికి పిల్లను ఖాయం చేసుకోవడానికి నెక్కొండ నుంచి ఆడపిల్ల తరఫు వాళ్ళు వచ్చారు. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్నాను. చుట్టాలు తిన్నారు. మామ తిన్నాడు. మా ఆయన రాజమౌళి, మరుదులు, పిల్లలు తిన్నారు. తర్వాత అత్తమ్మ తిన్నది. నేను పళ్ళెం ముందు కూర్చునేసరికి ఎండ గోడ దిగిపోయింది. మిగిలిన కోడికూరలో ఇంత అన్నం కలుపుకొని రెండు ముద్దలు తిన్నాను. మూడో ముద్ద గొంతులోనే ఆగింది. ఆకలి ఉంది, లోపల చోటు లేదు. పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. అందులో అంతకుముందు రోజు తిన్న చిక్కుడు గింజలు పొట్టు కూడా ఊడకుండా కనబడ్డాయి. అప్పుడు భయమేసింది.

మరి అంతకుముందు ఏ బాధా లేదా అంటే, ఉంది. పెళ్ళై వచ్చిన కొన్నేళ్ళకే కడుపులో మంట మొదలైంది. పొద్దెక్కి ఆకలి పెరిగేకొద్దీ పెరిగేది, ఇంత తింటే తగ్గేది. ఒకసారి అత్తమ్మతో చెబితే, "ఆడిదన్నంక కడుపుల మంట ఉండదానె? ఇంత సోడ ఉప్పేసుకొని నీళ్లు తాగు" అన్నది. ఆ ఇంట్లో కోడళ్ళకు అత్తల నుంచి వచ్చే ఆస్తి అదే కాబోలు అనుకొని నేనూ ఊరుకున్నాను.

మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. మగవాళ్ళు మగ్గాల మీద, నేనూ అత్తమ్మా నూలు కండెలకు చుట్టడం మీద, వంట మీద. మగ్గం మీద కూర్చున్నవాడు ముందు తినాలి, లేకపోతే పని ఆగుతుంది. తర్వాత పిల్లలు, తర్వాత పెద్దావిడ, అందరి తర్వాత కోడలు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, కాబట్టి తీసేసేవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆలస్యంగా తిన్నా నేను కడుపునిండా తినేదాన్ని. అప్పట్లో బాగా బొద్దుగా ఉండేదాన్ని. వాడలో నలుగురు కూర్చున్నప్పుడు అత్తమ్మ నన్ను చూపించి, "మా ఇంట్ల తిండికి తక్కువ లేదు, సూడుండ్రి మా సరోజనను" అని గొప్పగా చెప్పుకునేది.

ఆ వాంతుల తర్వాత కొన్ని వారాల్లోనే నా జాకెట్లన్నీ వదులైపోయాయి. నాకు ప్రాణభయం, అత్తమ్మకు పరువు భయం. "గిట్ల చిక్కిపోతె జనం ఏమనుకుంటరే? అత్త బుక్కెడు బువ్వ పెడ్తలేదంటరు" అన్నది. చివరికి మా ఆయనే మగ్గం ఆపి నన్ను రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ బేరియం మీల్ ఎక్స్‌రే తీశారు. గ్లాసెడు తెల్లటి చిక్కటి మందు తాగించారు. సుద్దముక్క అరగదీసి తాగినట్టుంది. సర్జన్ గారు ఆ ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "అల్సర్ చాలా పాతదమ్మా. మానుతూ, పుండవుతూ, మచ్చకట్టి పొట్ట కింది దారి మూసుకుపోయింది. పైలోరిక్ స్టెనోసిస్ అంటాం. ఇక మందులతో తెరుచుకోదు. పార్షియల్ గ్యాస్ట్రెక్టమీ చెయ్యాలి" అన్నారు.

"అంటె ఏం తీస్తరు సార్?" అని అడిగాను.

"పొట్టలో సగానికి పైగా తీసేస్తాం."

"మిగిలినదాంతోని ఎట్ల బతకాలె?"

"బాగానే బతుకుతావు. కొంచెం కొంచెంగా, రోజులో చాలాసార్లు తినాలి, అంతే" అన్నారు.

నేను తలూపాను. ఆయన 'అంతే' అన్న ఆ మాట మా ఇంట్లో ఎంత పెద్ద మాటో అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తట్టలేదు.

ఆపరేషన్‌కు రక్తం మా ఆయనే ఇచ్చాడు. తెలివి వచ్చేసరికి ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్, చేతికి సెలైన్, పొట్ట మీద నిలువునా కుట్లు. ఆయన పక్కన స్టూలు మీద కూర్చొని, "ఇగ నా మాట వినాలె సరోజనా. నా నెత్తురే నీల తిరుగుతాంది" అన్నాడు. నవ్వితే కుట్లు లాగుతాయని కళ్ళతోనే తిట్టాను. కొన్నాళ్ళకు ట్యూబ్ తీసి చెంచాతో నీళ్ళు పట్టారు. ఆ నీళ్ళ రుచి ఇప్పటికీ మర్చిపోలేను. ఇంటికి పంపేటప్పుడు సిస్టర్ అన్నీ చెప్పింది. పొడిగా తినాలి, అన్నంతో పాటు నీళ్ళూ మజ్జిగా తాగొద్దు, తీపి వద్దు, కారం వద్దు, తిన్నాక కాసేపు పడుకోవాలి, ఆకలయ్యేదాకా ఆగొద్దు.

మొదటి కొన్ని వారాలు మంచంలో ఉన్నాను కాబట్టి అన్నీ మంచం దగ్గరికే వచ్చాయి. లేచి తిరగడం మొదలుపెట్టాక ఇల్లు మెల్లగా పాత దారిలో పడింది. నన్ను తినొద్దని ఎవరూ అనలేదు. ఆ మాట చెప్పకపోతే పాపం. "తిన్నవానె?" అని అత్తమ్మ అడిగేది కూడా. కానీ మామ ఇంకా మగ్గం దిగకముందే కుండలో గరిటె పెట్టి నా పళ్ళెంలో వేసుకోవడానికి నా చెయ్యే రాలేదు. మధ్యాహ్నం దాటాక, ఆగలేని ఆకలి మీద, గబగబా కలుపుకొని తిని పైన ఒక చెంబు నీళ్ళు తాగేదాన్ని. తిన్న కాసేపటికే గుండె దడదడా కొట్టుకునేది, చెమటలు పోసేవి, కళ్ళు తిరిగేవి. నీరసం వల్ల అనుకున్నాను.

ఆ మరిది పెళ్ళి నెక్కొండలోనే జరిగింది. పెళ్ళికొడుకు వదినెను, మా వాళ్ళందరూ తిన్నారో లేదో చూసుకొని ఆఖరి పంక్తిలో కూర్చున్నాను. వియ్యపురాలు పక్కనే నిలబడి మర్యాద చేసింది. లడ్డు మీద లడ్డు వేసింది, పాయసం పోసింది. వద్దంటే తప్పు. తిన్నాను, నీళ్ళు తాగాను. చెయ్యి కడుక్కొని పందిట్లోకి వచ్చానో లేదో, ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. జుట్టుముడి ఊడిపోయింది, చెమటకు చీర తడిసిపోయింది, నిలబడ్డచోటే ఊగిపోయాను.

"ఎల్లమ్మ తల్లి వచ్చిందే!" అని ఎవరో కేక పెట్టారు. అంతే, ఒకామె నుదుటి నిండా పసుపు మెత్తింది, ఇంకొకామె చేతిలో వేపకొమ్మ పెట్టింది. వియ్యపురాలు చేతులు జోడించి, "ఎందుకొచ్చినవ్ తల్లీ? మా వల్ల ఏం తప్పయ్యింది? ఏం గావాలె?" అని అడిగింది.

"జర పండుకోనియ్యుండ్రి" అన్నాను.

"తల్లి జాగ అడుగుతాంది. గుడి కట్టియ్యాలె" అన్నది వెనకనుంచి ఒక ముసలమ్మ.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది. దేవుడని మొక్కేవాళ్ళే కానీ పడుకోబెట్టేవాళ్ళు లేరు.

ఆ తర్వాత తిండి అంటేనే భయం పట్టుకుంది. తింటే దడ, తినకపోతే నీరసం. దడ కంటే నీరసమే నయమనిపించి తినడం తగ్గించేశాను. బొద్దుగా ఉండే సరోజన పోయి బొక్కలగూడు మిగిలింది. కండె చుట్టే రాట్నం తిప్పడానికి కూడా చేతిలో సత్తువ లేదు. నా ఇద్దరు ఆడపిల్లల జడలు అల్లుతూ, వీళ్ళకు నా చేత్తో పెళ్ళిళ్ళు చెయ్యకుండానే పోతానేమో అనుకునేదాన్ని. ఆ ఒక్క ఆలోచన నన్ను బాగా ఏడిపించింది. కడుపు కోయించుకొని కూడా చచ్చిపోతే ఇంత బాధ పడ్డదంతా ఎందుకు?

ఒక పొద్దున లేవలేకపోతే మళ్ళీ దవాఖానలో చేర్చారు. ఈసారి అత్తమ్మ కూడా వెంట వచ్చింది. సర్జన్ గారు నా బరువు చూసి కుట్లు చూసి, "ఆపరేషన్ బాగానే ఉంది. ఇది డంపింగ్ సిండ్రోమ్. తిండి ఒక్కసారిగా పేగుల్లోకి జారిపోతోంది. ఎప్పుడు తింటున్నావమ్మా?" అని అడిగారు.

"అందరు తిన్నంక సార్."

"అందరూ అంటే ఎవరు?"

చెప్పాను. చెబుతుంటే నాకే మా ఇల్లు ఇంత పెద్దదా అనిపించింది. ఆయన అత్తమ్మ వైపు తిరిగారు.

"పెద్దమ్మా, ఈమె పొట్ట ఇప్పుడు పిడికిలంత. ఇంట్లో అందరికంటే ముందు ఈమెకు పెట్టాలి. మళ్ళీ గంటా రెండు గంటలకు ఇంకొంచెం పెట్టాలి."

"మొగోళ్లు తినకముందు కోడలు తింటదా సారూ? నలుగురు నవ్వరా?"

"ఆ నలుగురూ వచ్చి రేపు మీ మనవరాళ్ళను పెంచుతారా?" అన్నారాయన.

ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో అత్తమ్మ ముఖం అటు తిప్పుకొని కూర్చుంది. డాక్టరు మీద కోపమో నా మీద కోపమో తెలియక నేను ముడుచుకొని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే వంటింటి మూలన ఒక చాప పరిచి, నన్ను రెక్క పట్టుకొని కూర్చోబెట్టింది. పాత బియ్యం అన్నం, కొంచెం నెయ్యి, ఎల్లిగడ్డ జీలకర్ర దంచిన పొడి కలిపి గిన్నెలో పెట్టింది. పక్కన నీళ్ళు పెట్టలేదు. నేను బిత్తరపోయి, "మామ ఇంక తినలేదు అత్తమ్మా" అన్నాను.

"బాలింత అందరికన్న ముందుగాల తింటదా, తినదా?"

"తింటది."

"పొడి బువ్వ తింటదా? నీళ్లు తక్కువ తాగుతదా? తిని పంటదా? నడుముకు బట్ట కడ్తదా?"

"ఆ."

"ఇగ నువ్వు బాలింతవ్. నోరు మూసుకొని తిను."

డాక్టరూ సిస్టరూ చెప్పినవన్నీ అత్తమ్మ చేతుల మీదుగా ఎన్నో కాన్పులకు జరిగినవే. ఒక్క బెల్లం మాత్రం ఈ బాలింతకు లేదు. లోకాన్ని ఎదిరించే ధైర్యం ఆమెకు లేదు కానీ, లోకం ఒప్పుకున్న దారుల్లో నాకు సరిపోయేది ఏదో రాత్రంతా వెతికినట్టుంది. ఏడుస్తూనే తిన్నాను. దడ రాలేదు.

బాలింత సంగతులు ఆడవాళ్ళవి కాబట్టి మామ గానీ మరుదులు గానీ ఒక్క మాట అడగలేదు. వాడలో ఆడవాళ్ళే ఊరుకోలేదు. పక్కింటామె వచ్చి, "ఏందత్తా, బాలింతంటానవ్, పిల్లేది?" అని ఎగతాళి చేసింది.

"కడుపు కోసింది అబద్ధమా? కుట్లు సూపియ్యాల్నా?" అని గయ్యిమన్నది అత్తమ్మ. "పిల్ల పుట్టకపోతె కోసిన నొప్పి నొప్పి గాదా?"

ఆ మాట వాడంతా తిరిగింది. మళ్ళీ ఎవరూ అడగలేదు. బాలింతనం మూడు నెలల్లోనో ఐదు నెలల్లోనో అయిపోతుంది. నాది అవ్వలేదు. మా ఆయన, "లోకంల గింత పెద్ద బాలింతను సూడలే" అని ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

అక్కడితో కథ సుఖంగా ముగిసిందనుకున్నాను. కొన్నేళ్ళకు మళ్ళీ ఆయాసం మొదలైంది. నాలుక నున్నగా అయిపోయి మండేది, అరికాళ్ళు తిమ్మిరెక్కేవి. మళ్ళీ మొదటికొచ్చిందని కుంగిపోయాను. రక్తపరీక్ష చేసి, "హిమోగ్లోబిన్ బాగా తక్కువుంది. పొట్ట తీసేసిన వాళ్ళకు బి ట్వెల్వ్ ఒంటికి పట్టదు. ఇంజక్షన్ జీవితాంతం తీసుకోవాలి. చెకప్‌కు ఎందుకు రాలేదు?" అని డాక్టరు కోప్పడ్డారు. బాగున్నప్పుడు దవాఖానకు ఎవరు పోతారు సార్ అందామనుకొని మింగేశాను. ఐరన్ మాత్రలు, ఇంజక్షన్లతో మళ్ళీ లేచి నిలబడ్డాను. ఆ ఇంజక్షన్ ఇప్పటికీ తప్పించను.

ఆపరేషన్ అయి పదేళ్ళు దాటింది. పాత ఒళ్ళు మొత్తం తిరిగి రాలేదు, సగం వచ్చింది, అది చాలు. కండెలు చుడతాను, వంట చేస్తాను, లడ్డు చూస్తే ముక్క తుంచి వాసన చూసి పిల్లలకిస్తాను. పెద్దపిల్ల పెళ్ళి నా చేత్తోనే చేశాను. పోయిన ఎండాకాలం ఒక పొద్దున అత్తమ్మ నాకు గిన్నె అందించి గోడ పట్టుకొని నిలబడింది. "మీరు గూడ కూసోండ్రి అత్తమ్మా" అన్నాను.

"నేనేం బాలింతనా?" అన్నది. తర్వాత పొయ్యి వైపు చూస్తూ, "నాకు గూడ కడుపుల మంటనే ఉండేదే. ఎవరడిగిండ్రు" అన్నది.

ఆమె కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది. నా గిన్నెలో అన్నం సగం ఇంకో గిన్నెలోకి తీసి ఆమె ముందు పెట్టాను. ముందు కసిరింది, తర్వాత తిన్నది. అప్పటి నుంచి పొద్దున పది గంటలకు, అవతల మగ్గాలు ఆడుతుండగానే, మేమిద్దరం తింటాం. డాక్టరుకు కూడా చూపించాం, ఆమెకు మందులతోనే తగ్గుతోంది.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటున్నారో చూడండి. కడుపులో ఏమైనా బాధ ఉందా అని అడిగితే లేదంటుంది. నమ్మకండి. ముందు ఆమెకు ఇంత పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చోండి. ఆ తర్వాత దవాఖానకు తీసుకుపోండి.