లిస్టులో బతికున్న బషీరా

హిందూపురంలో ఎన్నికలంటే నాకు ముందు గుర్తొచ్చేది దస్తగిరమ్మ. గెలిచినవాళ్ళ పేర్లు చెప్పమంటే తడుముకుంటాను గానీ ఆమెను మరిచిపోలేను. నేను బడిపంతుల్ని. పంతొమ్మిది వందల యాభై రెండు నుంచి ప్రతి ఎన్నికకూ మా పేట పోలింగు బూతులో ఓటర్ల లిస్టు పట్టుకుని కూర్చునే వెట్టి నాదే.

దస్తగిరమ్మ మంత్రసాని. పేటలో ఆమె ఎరగని ఆడమనిషి లేదు. ముసుగేసుకుని వచ్చేవాళ్ళు ఎవరో మాకు తెలియదు కదా! అందుకని దుప్పటి అడ్డం కట్టి, వెనక ఆమెను కూర్చోబెట్టేవాళ్ళం. ఆమె ముసుగెత్తి మొహం చూసి "ఔను సార్, ఆమే" అంటే నేను పేరు మీద గీత గీసేవాణ్ణి, వచ్చినామె వేలికి తనే సిరా పూసేది. పార్టీ గుర్తుకొక ఓట్ల డబ్బా పెట్టిన యాభై రెండులోనూ, ఆంధ్ర రాష్ట్రం ఎన్నికలు జరిగిన యాభై ఐదులోనూ ఆమె మాటే మాకు ప్రమాణం. చచ్చినవాళ్ళ పేరు మీద ఓట్లేయించడం అన్ని పార్టీలకూ వెన్నతో పెట్టిన విద్య. ఆమె ముందు మాత్రం ఆ పప్పులు ఉడికేవి కావు. "మీ అత్త సచ్చి మూడేండ్లాయ, నువ్వు యాడికొచ్చినావే?" అని గదిమి పంపేది.

అరవై రెండులో ఆమె ఒక్కగానొక్క కూతురు బషీరా మొదటిసారి ఓటుకొచ్చింది. నిండు చూలాలు. తల్లి ముసుగెత్తి, "ఈమెవరో నాకు తెలీదు సార్" అని ఆటపట్టించింది. సిరా పూసి ఆరేదాకా ఊదింది. నెల తిరక్కుండా ఆడపిల్లను కని బషీరా పోయింది, తల్లి చేతుల్లోనే. పలకరించడానికి వెళితే దస్తగిరమ్మ నాతో ఒక్కమాటే అంది: "ఎంత కడిగినా దాని గోటిమీది సిరా పోలేదు సార్."

ఇల్లరికపు అల్లుడు ఖాదర్‌వలి ఏడాదికే పెనుకొండ పిల్లను చేసుకుని, రెండు సందుల అవతల వేరు కాపురం పెట్టాడు. శుక్రవారం శుక్రవారం బిడ్డను అవ్వ దగ్గరికి పంపేవాడు. ఆ ఒక్క పూట కోసమే ఆమె బతికేది.

అరవై ఆరులో లిస్టు సరిచూడ్డానికి దస్తగిరమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. కొట్టేద్దామనే "బషీరా" అని చదివాను.

"ఉండాది సార్" అంది దస్తగిరమ్మ.

తలెత్తి చూశాను. "ఉండాది" అని మళ్ళీ అంది. ఆ పేరు కొట్టెయ్యడానికి నాకు చెయ్యాడలేదు. తప్పే.

అరవై ఏడు ఫిబ్రవరి. వరుసలోంచి ఒక ముసుగు మనిషి వచ్చి నాకు చీటీ ఇచ్చింది. బషీరా, భర్త ఖాదర్‌వలి. దుప్పటి వెనక దస్తగిరమ్మ ముసుగెత్తింది. ఆ పెనుకొండ పిల్లే. తన పేరు లిస్టులో లేదు.

"అమ్మా, కాదనొద్దు. మా ఆయన పార్టీవాళ్ళకు మాటిచ్చినాడు. నేను ఓటేసి రాకపోతే బిడ్డను నీ గడప తొక్కనీయడంట" అంది ఏడుపు గొంతుతో, దుప్పటి పక్కనే ఉన్న నాకు మాత్రమే వినబడేంత మెల్లగా.

ధర్మవరం నుంచి వచ్చిన ఆఫీసర్ విసుక్కున్నాడు. "ఏమ్మా, బషీరానేనా?"

కాదంటే ఆ పిల్ల మీద పోలీసు కేసు, మనవరాలు దూరం. ఔనంటే కన్నకూతురి పేరు సవతికి ధారపోసినట్టు. నేనైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. పిరికివాణ్ణి.

"ఔను సార్. నా కూతురే."

గీత గీశాను. ఆమె ఆ వేలికి సిరా పూసి, ఆరేదాకా ఊదుతూ పట్టుకునే ఉంది. వరుసలో వెనక నిలబడ్డవాళ్ళు ఆలస్యమవుతోందని గొణుక్కున్నారు.

సాయంత్రం డబ్బాలకు సీళ్ళు వేశాక దస్తగిరమ్మ నా దగ్గరికొచ్చింది.

"సార్, బషీరా పేరు కొట్టేయండి."

"ఇప్పుడేం లాభం? ఓటు పడిపోయింది కదమ్మా."

"నా బిడ్డ సచ్చిపోయి ఐదేండ్లాయ సార్."

ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. లిస్టు తెరిచి, కలం తీశాను. కొట్టెయ్యడానికి ఏముంది? ఆ పేరు మీద పొద్దున నేను గీసిన గీత ఉంది.