మోకాలికి జెల్ సూది కోసం సిద్దిపేట దాకా

ముందుగా క్షమించండి. నా చేతిరాత వంకర, అక్షరాల్లో తప్పులు ఎక్కువ. ఊరి బడిలో ఐదు వరకే చదివాను. కాగితం మీద రాసిస్తే మా మేనకోడలు సరిదిద్ది ఇక్కడ పెడుతోంది. మోకాలికి జెల్ సూది వేయించుకోవడానికి సిద్దిపేట వెళ్ళేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. మాది హుస్నాబాద్ దగ్గరి పల్లె. గుంట మగ్గం మీద చీరలు నేస్తాను. గుంటలో కాళ్ళు పెట్టి చెక్కలు తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగింది. చీర సగంలో ఉండగా కాలు మడవడమే కష్టమైంది. మళ్ళీ గుంటలో కూర్చోగలిగితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

పొద్దున ఏడింటికి హుస్నాబాద్‌లో బస్సు ఎక్కాం. నా భార్య రాజవ్వ తోడొచ్చింది. ఆడవాళ్ళకు టికెట్ లేదు, నా ఒక్కడికే తీశాం. గంటకు పైగా ప్రయాణం. కాలు చాపే జాగ దొరకలేదు. సిద్దిపేట బస్టాండు నుంచి ఎముకల డాక్టరు దగ్గరికి షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు. సూది వెల మందును బట్టి వేలల్లో ఉంటుంది, ముందే అడగాలి.

డాక్టరు ఓపికగా చెప్పాడు. “గిది మన కీళ్ళల్ల ఉండే జిగురు అసుంటిదే, తాతా. ఉత్తగ పెడితె జల్ది కరిగిపోతది. అందుకని పోగుకు పోగు ముడేసినట్టు తయారు చేస్తరు. ఒత్తితె పలచగై సూదిల నుంచి పారుతది, వదిలేస్తె మళ్ల చిక్కబడుతది.”

“మా గంజి లెక్కనా?” అని అడిగాను.

“ఆ, గంజి లెక్కనే అనుకో. రెండు దినాలు కాలుకు పని చెప్పకు.”

సూది పడింది. నాకు గంజి మాటే చెవిలో నిలిచింది. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసే నూలుకు పెట్టే గంజిని కదపకపోతే గడ్డకడుతుంది. కలుపుతూ ఉంటేనే పలచబడి ప్రతి పోగుకూ అందుతుంది. మోకాలిలోదీ అంతే అనుకున్నాను. పని అంటే మగ్గం పని అనుకున్నాను, నడక కాదు.

“ఎక్కు తాతా, బస్టాండ్ కాడ దింపుత,” అన్నాడు బయట ఆటో ఆయన.

“వద్దు బిడ్డా, నడుస్త.”

“కాలు నొస్తదని వచ్చినోనివి, గిదేం నడుకయ్యా?” అంది రాజవ్వ.

“కలపాలె. లేకుంటె గడ్డకడుతది.”

“గది మోకాలా, గంజి కుండనా?”

ఆటో ఆయన నవ్వుకుంటూ పోయాడు. నేను మధ్యమధ్య ఆగి, కాలు మడిచీ చాచీ, బస్టాండు దాకా నడిచాను. నొప్పి తెలియలేదు. మందు పనిచేస్తోందని సంతోషపడ్డాను.

బస్సు హుస్నాబాద్ చేరేసరికి మోకాలు ఉబ్బి, ముట్టుకుంటే కాలుతోంది. లేవలేకపోయాను. రాజవ్వ, కండక్టరమ్మ చెరో రెక్క పట్టి దింపారు. మర్నాడు ఆటో కిరాయికి మాట్లాడుకుని మళ్ళీ సిద్దిపేట వెళ్ళాం. డాక్టరు మోకాలిలోంచి నీరు తీశాడు.

“నడిచినవా?”

నేను తలూపాను. గంజి సంగతి రాజవ్వే చెప్పింది. ఆయన నవ్వలేదు.

“గంజి అని నేను గూడ అంటి గద. కొందరికి నడవకున్నా వాపొస్తది, తాతా. నడిస్తె ఎక్కువైతది.”

“మళ్ల గుంటల కూసుంటనా?”

“నెల ఆగుదాం. ఇప్పుడైతె చెప్పలేను.”

ఇప్పుడు మంచం మీద నుంచి మగ్గం కనిపిస్తుంది. పడుగు ఎండి పోగులు తెగుతున్నాయి. రాజవ్వ తెగినవి అతికి, పైన బట్ట కప్పి పోతుంది. ఇన్నేళ్ళు నూలుతో బతికినవాణ్ణి, నా ఒళ్ళు కూడా నూలులాగే నా మాట వింటుందనుకున్నాను. ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. నాకు పగలు కూడా పొద్దు పోవడం లేదు.

వెళ్ళేవారికి ఒక్క మాట. సూది వేయించుకున్నాక దవాఖాన గుమ్మం దగ్గరే ఆటో ఎక్కండి. రెండు రోజులు ఎంత నడవొచ్చో, మెట్లెక్కొచ్చో లేదో డాక్టరునే విడమరిచి అడగండి.

పడుగు కోసి తీసేద్దామా, ఉంచుదామా అని రాజవ్వ నిన్న అడిగింది. నేనింకా చెప్పలేదు. మీలో ఎవరైనా ఇట్లా వాచిన కాలితో మళ్ళీ గుంటలోకి దిగి నేసి ఉంటే రాయండి. దిగలేకపోయినా అదే రాయండి. కాస్త తొందరగా రాయండి.