పనలు ఇంకా పొలంలోనే

కోటేశ్వరరావు సిడ్నీలో ఒక ఆర్ట్ గ్యాలరీకి సెక్యూరిటీ గార్డు. తెనాలి దగ్గర మాగాణి రైతుల ఇంట్లో పుట్టినవాడు. తొమ్మిదేళ్లుగా ఆయన డ్యూటీ ఒకే పటం ముందు. ఫ్రాన్సు పల్లెలో గోధుమ కోతలు, నేలంతా పరిచిన పనలు, వెనక తరుముకొస్తున్న నల్లమబ్బు. పొద్దున్నే వచ్చి, టై సర్దుకుని, ఆ మబ్బు వంక చూసి నాలుక చప్పరిస్తాడు. లాగ్‌బుక్‌లో రోజూ ఒకటే రిపోర్టు: “పనలు ఇంకా పొలంలోనే ఉన్నాయి.”

“అంకుల్, అది జస్ట్ పెయింటింగ్. నూట యాభై ఏళ్ల నాటిది,” అంది పక్క హాల్లో పార్ట్‌టైమ్ చేసే శ్రావ్య, నవ్వాపుకోలేక.

“అదేనమ్మా నా బాధ! ఇన్నేళ్లు కుప్ప వేయకపోతే గింజ మొలకెత్తదూ?”

మొన్న మంగళవారం గాలివానకు గ్యాలరీ కప్పు కారింది, సరిగ్గా ఆ పటం మీదే. మేనేజరూ శ్రావ్యా పరుగున వచ్చి, పటాన్ని దించి నేలమీద పెట్టి, ప్లాస్టిక్ షీటు కప్పారు. కోటేశ్వరరావు తన బూట్లు విప్పి, షీటు గాలికి లేవకుండా రెండు మూలలా బరువు పెట్టాడు. తర్వాత మేజోళ్లతోనే గొంతుక్కూర్చుని, అంచు కాస్త ఎత్తి, పటంలోని కూలీలతో మెల్లగా అన్నాడు:

“బరకం కప్పేశాంగా. మీరింక ఇళ్లకు పొండి.”