రంగుల పెట్టె తీసుకెళ్లిన రోజు

మొన్న ఇక్కడ ఐర్లండ్‌లో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటి ప్రెస్సుకి, అదే, వంటింటి అలమరకి, రంగు వేయించాం. ఆ టర్పెంటైన్ వాసనకి మా మనవరాలు ముక్కు మూసుకుంది; నాకు మాత్రం కరోనా కాలంలో నేను ముసలివాళ్లని చూసుకునే కేరర్‌గా పనిచేసిన వృద్ధాశ్రమం, అందులోని జపాన్ పెద్దాయన, ఆయన మీద నా కోపం, అన్నీ మళ్లీ రాజుకున్నాయి.

ఆయన నూనె రంగుల చిత్రకారుడు. సిరాతో బొమ్మలు వేసే తండ్రికి కొడుకు ఈ పడమటి రంగులు ముట్టుకోవడమే గిట్టక, ఒకనాడు వాటన్నిటినీ పొయ్యిలో పడేశాడట. కొడుకు ఇరవయ్యో ఏట ఇల్లు వదిలి ఐర్లండ్ చేరి, ఇక్కడి వాన మబ్బులు వేస్తూనే ముసలివాడయ్యాడు. ఇదంతా నాకు వంటావిడ చెప్పింది. నాతో ఆయన మాట్లాడితేగా! నేను ఎడ్డెమంటే ఆయన తెడ్డెం. కనబడిన ప్రతిదీ మందు గుడ్డతో తుడవమన్న రోజులవి; తుడిచాను, అందులో ఆయన వేసిన బొమ్మ ఒకటి చెదిరిపోయింది. నూనె రంగు వారాల తరబడి ఆరదని నాకేం తెలుసు? అందరి ముందూ "మొద్దు చేతులదానా" అన్నాడు. ఎందరో ముసలివాళ్లకి అన్నం తినిపించిన చేతులవి. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

తర్వాత పక్క గదుల్లో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. నిప్పు భయం కాబట్టి టర్పెంటైన్, రంగులు తీసేయమని మేనేజరమ్మ నాతోనే చెప్పింది. ఉత్సాహంగానే ఆయన గదికి వెళ్లాను, దాచడమెందుకు? కిటికీ దగ్గర ఆయన వేస్తున్న వాళ్ల నాన్న బొమ్మ ఉంది, ఆయన్ని వేయడం అదే మొదటిసారట.

"తోట షెడ్డులో పెట్టమ్మా, నేనే అక్కడికెళ్లి వేసుకుంటాను. కళ్లు వేయడమొక్కటే మిగిలింది," అన్నాడు, మొదటిసారి మెత్తగా.

తాళం నా దగ్గర లేదన్నాను. తాళాల గుత్తి నా నడుముకే వేలాడుతోంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెట్టె తీసుకెళ్లి చెత్తలో వేశాను. పక్షం తిరక్కుండా ఆ జబ్బుతోనే పోయాడు. ఆ పూర్తికాని బొమ్మ ఏమైందో తెలియదు.

ఇప్పుడు మాస్కులూ లేవు, దూరాలూ లేవు. అదే ఆశ్రమంలో నూనె రంగులకని వేరే గదే ఇచ్చారట. అప్పట్లో చేసిన కటువు పనులన్నిటికీ "ఏం చేస్తాం, రూల్స్ అలాంటివి" అని మన ఈడువాళ్లం ఒకరికొకరం చెప్పుకుని సర్దుకుంటున్నాం. నేనూ అంటూనే ఉన్నాను. ఆ పెద్దాయన అన్న మాట మీద నాకింకా కోపం పోలేదు. కానీ ఆ బొమ్మకి కళ్లు లేకుండా చేసింది రూల్ కాదు, నేనే.